బరువు మర్మ మెరిగిన ఉద్యోగి – ఆల్బర్ట్ ఐన్‌స్టీన్

స్విట్జర్లాండు దేశమున సమాఖ్య ప్రభుత్వమునకు కేంద్రస్థానమైన బెర్న్ నగరమున ఆ ప్రభుత్వమువారి పేటెంటు కార్యాలయ ముండెను. 1902వ సంవత్సరము జూన్ నెలలో ఇరువది మూడేండ్ల యువకు డొకడు అందు మూడవ తరగతి సాంకేతిక నిపుణుడుగా ఉద్యోగమున ప్రవేశించెను. ఏడాదికి 3,500 ఫ్రాంకుల జీతము. అదియు తాత్కాలిక నియామకమే. వారమునకు ఆరు దినములు, దినమునకు ఎనిమిది గంటల పని. నేడు ప్రపంచము విజ్ఞానశాస్త్రమునకే ప్రతిరూపముగా భావించు ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ ఆనాటి ఆ చిన్న యుద్యోగియే. వస్తువు లేల క్రింద పడుచున్నవను మిక్కిలి పాత ప్రశ్నకు మిక్కిలి క్రొత్త సమాధానము ఆయనకు తోచినది ఆ ప్రభుత్వ కార్యాలయముననే, తన కుర్చీలో కూర్చుండి యుండగనే.

ఐన్‌స్టీన్ 1879వ సంవత్సరము మార్చి 14వ తేదీన జర్మనీ దేశమందలి ఉల్మ్ పట్టణమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. మరుసటి యేడే కుటుంబము మ్యూనిక్ నగరమునకు తరలినది. తండ్రి హెర్మన్, పినతండ్రి యాకోబు కలిసి అచట విద్యుత్పరికరముల వ్యాపారము నడపుచుండిరి. నాలుగైదేండ్ల ప్రాయమున తండ్రి చూపిన దిక్సూచి ఆ బాలుని మనస్సున చెరగని ముద్ర వేసినది. ఏ చేయియు తాకకయే ముల్లు ఉత్తరమునకు తిరుగుట చూచి, కంటికి కనబడని దేదో వస్తువుల చుట్టునుగల చోటులో దాగియున్నదని ఆ పసివాడు తలపోసెను. పండ్రెండవ యేట చేతికి వచ్చిన రేఖాగణిత గ్రంథము రెండవ అద్భుతమైనది. చోటునందు దాగిన ప్రభావము, చోటును గూర్చిన గణితము – ఈ రెండును మూడు దశాబ్దములకు ఆయన చేతిలో ఒక్కటి కానుండెను.

తండ్రి వ్యాపారము చితికి 1894లో కుటుంబము ఇటలీకి వలసపోయినది. మ్యూనిక్ పాఠశాల కట్టుబాట్లు సరిపడక బాలుడును చదువు నడుమనే విడిచి వెళ్లెను. 1895లో జూరిక్ నగరమందలి సాంకేతిక విద్యాలయ ప్రవేశపరీక్ష వ్రాసి, గణిత భౌతికశాస్త్రములలో రాణించియు, తక్కిన విషయములలో తప్పెను. ఆరౌ పట్టణమున ఒక యేడు చదివి 1896లో ప్రవేశము సంపాదించి, 1900లో పట్టభద్రుడయ్యెను. తరగతులకు సరిగా పోవని యీ విద్యార్థిని పరీక్షలలో గట్టెక్కించినవి మార్సెల్ గ్రాస్‌మన్ అను సహాధ్యాయి శ్రద్ధగా వ్రాసికొన్న నోట్సులు. పట్టము వచ్చినను కొలువు రాలేదు. దరఖాస్తులు పంపుచు, ప్రైవేటు పాఠములు చెప్పుచు, తాత్కాలికోపాధ్యాయుడుగా పనిచేయుచు రెండేండ్లు గడపవలసి వచ్చెను. తుదకు గ్రాస్‌మన్ తండ్రి పేటెంటు కార్యాలయాధిపతియగు ఫ్రెడరిక్ హాలర్‌తో చెప్పిన మాట ఫలించినది. కుమారున కుద్యోగము దొరకిన నాలుగు నెలలకే, 1902 అక్టోబరులో, తండ్రి మిలాన్ నగరమున కన్నుమూసెను.

పేటెంటు కార్యాలయపు పని యనగా క్రొత్త యంత్రములను కనిపెట్టితిమని వచ్చు దరఖాస్తులను పరిశీలించుట. చెప్పిన దంతయు నమ్మక, పటమును చూచి యంత్రము నిజముగా నడచునా యని ఊహించి, సారాంశమును స్పష్టమైన మాటలలో వ్రాయవలెను. హాలర్ ఈ విషయమున కఠినుడు. ఈ క్రమశిక్షణ ఐన్‌స్టీన్‌కు మేలే చేసినది. విషయమును కండ్లకు కట్టినట్లు ఊహించి చూచుట, అనవసరమైనదానిని త్రోసివేయుట ఆయనకు అలవాటైనవి. 1903లో సహాధ్యాయినియగు మిలేవా మారిచ్‌ను వివాహమాడెను. 1904లో కుమారుడు కలిగెను. ఆఫీసు పని, సంసారము సాగుచుండగనే 1905లో భౌతికశాస్త్రమును తలక్రిందు చేసిన వ్యాసములను వరుసగా ప్రకటించెను. అందొకటి దేశకాలములను గూర్చినది. కదలుచున్న గడియారము నిలిచియున్న గడియారముకంటె మెల్లగా నడచునని, కాంతివేగమును మించి ఏ వార్తయు ప్రయాణింపజాలదని దాని సారాంశము. 1906 ఏప్రిలులో ఆయనకు రెండవ తరగతి నిపుణుడుగా పదోన్నతి లభించి జీతము 4,500 ఫ్రాంకులయ్యెను.

ఆ వ్యాసము ఒక పాత సిద్ధాంతముతో చిక్కు తెచ్చిపెట్టినది. 1687లో న్యూటను ప్రకటించిన గురుత్వాకర్షణ సూత్రము ప్రకారము సూర్యుడు భూమిని, భూమి చంద్రుని, చెట్టుననున్న పండును ఆకర్షించుచుండును. ఆ ఆకర్షణ ఎంత దూరమైనను తక్షణమే సోకును. కాంతిని మించినది లేదనినప్పుడు ఇది యెట్లు పొసగును? అదియునుగాక, బరువైన వస్తువును తేలిక వస్తువును ఒకే వేగముతో పడుట యేల? బరువైనదానిని భూమి ఎక్కువగా లాగును, దానిని కదల్చుటయు అంతే కష్టము, కావున రెండును సరిపోవునని న్యూటను లెక్క. సరిగా ఆ రెండును ఎల్లప్పుడును ఎందుకు సమానముగా నుండవలెనో ఆ లెక్క చెప్పదు.

1907 నవంబరులో ఐన్‌స్టీన్ ఒక సమీక్షా వ్యాసము వ్రాయుచు, ఆఫీసులో కూర్చుండి దీనినే ఆలోచించుచుండెను. ఇంటి కప్పునుండి జారిపడు మనుష్యుడు పడుచున్నంతసేపు తన బరువును తానెరుగడను తలంపు ఆయనకు హఠాత్తుగా కలిగెను. తన జీవితమున కలిగిన తలంపులన్నిటిలో అది మిక్కిలి ఆనందకరమైనదని ఆయన తరువాత చెప్పికొనెను.

ఈ తలంపును ఇంటి పెరటిలోనే పరీక్షింపవచ్చును. డబ్బా యొకటి తీసికొని అడుగున ప్రక్కగా చిల్లు పొడిచి నీరు నింపిన, చిల్లునుండి నీరు ధారగా చిమ్మును. ఆ డబ్బాను ఎత్తునుండి జారవిడిచిన, పడుచున్నంతసేపు ధార ఆగిపోవును. నీరును డబ్బాయును కలిసి పడుచున్నవి; కావున నీరు డబ్బా అడుగును నొక్కదు. పడుచున్నదానికి బరువు లేదు. అటులైన మనకు తెలియు బరువేది? కుర్చీ మనలను పైకి నెట్టుట, నేల మన పాదములను పైకి నెట్టుట – ఇదియే మన మెరిగిన బరువు. భూమి లాగుట ఎవరికిని ఎన్నడును స్పర్శకు తెలిసినది గాదు. టాటానగర్ స్టేషనులో రైలు కదలినప్పుడు బెంచీ వీపును నెట్టును. మనలను వెనుకకెవరో లాగినట్లు తోచును. నిజమునకు లాగినవారు లేరు. బరువును అట్టిదే కావచ్చునని ఐన్‌స్టీన్ అనుమానించెను. నక్షత్రములకు దూరముగా, ఎల్లప్పుడు వేగము పెంచుకొనుచు పైకి పోవు మూసిన గదిలోని మనుష్యునకు, భూమిమీద నిలిచియున్న గదిలోని మనుష్యునకు అనుభవమున భేదము లేదు.

ఈ సమానత్వమునుండి ఆయన వెంటనే ఒక వింత ఫలితమును రాబట్టెను. పైకి పోవుచున్న ఆ గదిలో నేలమీది గడియారము టిక్కు టిక్కునకు ఒక వెలుగు సంకేతమును పంపుచున్నదనుకొందము. సంకేతము పైకప్పును చేరులోపల కప్పు మరికొంత వేగము పుంజుకొని దూరము జరుగును. కావున సంకేతములు పైవానికి ఎడమెడముగా అందును. క్రింది గడియారము మెల్లగా నడచుచున్నట్లు లెక్కకు వచ్చును. రెండు గదులకు భేదము లేనప్పుడు భూమిమీదను అంతే కావలెను. అనగా క్రిందనున్న గడియారముకంటె మీదనున్న గడియారము త్వరగా నడచును. కాలమే అన్ని యెత్తులయందును ఒక్క తీరున నడవదు.

తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడిన జంషెడ్‌పూర్ నగరమునకును ఈ భావమునకును ఒకే వయస్సు. టాటా ఇనుము ఉక్కు కంపెనీ 1907 ఆగస్టు 26వ తేదీన రిజిస్టరు చేయబడినది. బెర్న్‌లోని ఉద్యోగికి ఆ తలంపు కలిగిన కాలమున సువర్ణరేఖా ఖర్కాయి నదుల సంగమముచెంత సాక్చి యొక చిన్న గ్రామము. 1911 డిసెంబరులో ఇచటి కొలిమినుండి మొదటి ఇనుము కరిగి ప్రవహించినది. 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కు తయారైనది. భావమునుండి ఉక్కు వరకు ఇచట నాలుగైదేండ్లు పట్టగా, తన తలంపును గట్టి సిద్ధాంతముగా పోతపోయుటకు ఐన్‌స్టీన్‌కు ఎనిమిదేండ్లు పట్టినది.

1909లో ఆయన పేటెంటు కార్యాలయమునకు రాజీనామా యిచ్చి జూరిక్ విశ్వవిద్యాలయమున చేరెను. 1911లో ప్రాగ్ నగరమునకు వెళ్లి, సూర్యుని ప్రక్కగా వచ్చు నక్షత్రకాంతి కొంచెము వంగవలెనని, గ్రహణసమయమున ఫోటోలు తీసి దీనిని పరీక్షింపవచ్చునని ప్రకటించెను. 1912లో జూరిక్‌కు తిరిగి వచ్చినప్పుడు, తనకు తెలిసిన గణితము చాలదని స్పష్టమయ్యెను. మరల ఆదుకొన్నవాడు గ్రాస్‌మనే. అప్పటికి అతడు అచటనే గణితాచార్యుడు. వంపుతిరిగిన తలములను గూర్చి రీమాన్ మున్నగు పండితులు కల్పించిన రేఖాగణితమును అతడు చూపించెను. తన గురువైన మింకౌస్కీ 1908లో దేశమును కాలమును కలిపి ఒక్క వస్తువుగా భావింపవలెనని చెప్పియుండెను. ఆ దేశకాలమే వంపుతిరిగినదైనచో?

ఈ వంపును గ్రహించుటకు ఒక గుమ్మడికాయ చాలును. కాయ నడుమ భాగమున ప్రక్కప్రక్కనే బయలుదేరిన రెండు చీమలు ఎటును తిరుగక నేరుగా తొడిమవైపు నడచినచో, క్రమక్రమముగా దగ్గరై తొడిమయొద్ద కలిసికొనును. ఒకదాని నొకటి లాగలేదు, తిన్నగా నడచినవి, కాయ గుండ్రముగా నుండుటచే కలిసినవి. అట్లే చాల యెత్తునుండి ప్రక్కప్రక్కన జారవిడిచిన రెండు రాళ్లు, రెండును భూకేంద్రము వైపు పడుటచే, కొంచెము కొంచెముగా దగ్గరగును. వానితో కలిసి పడువానికి బరువు మాయమైనను ఈ దగ్గరగుట మాయము కాదు. ఐన్‌స్టీన్ దృష్టిలో గురుత్వమనగా చెరపరాని యీ శేషమే. అది దేశకాలము యొక్క వంపు. స్వేచ్ఛగా పడు వస్తువు ఆ వంపునందు తిన్నని దారిని నడచుచున్నది. నేలమీద నిలిచిన మనమే తిన్నని దారినుండి నిరంతరము ప్రక్కకు నెట్టబడుచున్నాము.

ఇచట పిల్లలడుగు ప్రశ్న యొకటి కలదు. నేల జంషెడ్‌పూర్‌లో పైకి నెట్టుచున్నది, గోళమునకు ఆవలిప్రక్కను పైకే నెట్టుచున్నది. మరి భూమి ఉబ్బిపోదేల? దీనికిని గోళమే సమాధానము చెప్పును. జంషెడ్‌పూర్ భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 22.8 డిగ్రీల అక్షాంశముమీద నున్నది. ఇచటినుండి తూర్పునకు మొగము పెట్టి బొత్తిగా తిరుగక పోవువాడు ఆ అక్షాంశముమీద నిలువడు. వాని దారి మెల్లగా భూమధ్యరేఖవైపు జారును. ఆ అక్షాంశము తప్పకుండవలెనన్న అతడు ఎడతెగక ఉత్తరమునకు తిరుగుచుండవలెను. దక్షిణమున అదే అక్షాంశముమీద పోవువాడు ఎడతెగక దక్షిణమునకు తిరుగుచుండవలెను. ఇద్దరును ఒకరికొకరు దూరముగా తిరుగుచున్నను వారి నడుమ దూరము వీసమంతయు పెరుగదు. భూమి నేల యెల్లెడల పైకి నెట్టుచు ఉబ్బకుండుట యీ తీరుననే. తిరుగుచుండుటవలననే వారు ఉన్న దూరమున ఉండగలుగుచున్నారు.

భావము స్పష్టమైనను సమీకరణములు చిక్కలేదు. 1913లో గ్రాస్‌మన్‌తో కలిసి ప్రకటించిన రూపము తప్పని తరువాత తేలినది. 1914లో ప్లాంక్, నెర్న్‌స్ట్ పండితుల యాహ్వానముపై బోధనబాధ్యత లేని పదవిలో ఐన్‌స్టీన్ బెర్లిన్ చేరెను. ఆ వేసవిలోనే సంసారము చెదరినది. మిలేవా ఇద్దరు కుమారులతో జూరిక్‌కు మరలిపోయెను. భార్యాబిడ్డలకు దక్కవలసిన శ్రద్ధలో ఎంతయో భాగమును ఆయన శాస్త్రము హరించినదని ఆయన జీవితము చదివినవారు ఒప్పుకొనకతప్పదు. ఆగస్టులో ప్రపంచయుద్ధము వచ్చిపడినది. ఆ నెల 21వ తేదీ సూర్యగ్రహణమును చూచుటకు క్రిమియాకు పోయిన జర్మను ఖగోళజ్ఞుడు ఫ్రాయిండ్లిక్ రష్యనుల చేతిలో బందీయయ్యెను; పరికరములు పట్టువడినవి. నాడది దురదృష్టముగా తోచినది. ఐన్‌స్టీన్ అప్పటికి లెక్కించిన కాంతి వంపు సరియైనదానిలో సగమే. పరిశీలన సాగియున్నచో ఆయన లెక్క తప్పని తేలియుండెడిది.

1915 వేసవిలో గొట్టింగెన్ నగరమున ఆయన ఉపన్యాసములు విని, గణితజ్ఞులలో అగ్రగణ్యుడగు హిల్బర్ట్ తానును ఆ సమీకరణములను వెదకనారంభించెను. పోటీ ముంచుకొని వచ్చినది. నవంబరు 4, 11, 18, 25 తేదీలలో, వారమునకొక వ్యాసము చొప్పున, ఐన్‌స్టీన్ బెర్లిన్ పండిత పరిషత్తునకు సమర్పించెను. ఒక వారము వ్రాసినది మరొక వారము దిద్దుకొనుచు పోయెను. బుధగ్రహపు కక్ష్య శతాబ్దమునకు 43 వికలలు, అనగా డిగ్రీలో మూడువేల ఆరువందలవ భాగములు 43, లెక్కకు మించి తిరుగుచున్నదని, దానికి కారణము చిక్కుటలేదని ఖగోళజ్ఞులు 19వ శతాబ్దమునుండి యెరుగుదురు. క్రొత్త సిద్ధాంతము ఏ సవరణయు లేకయే సరిగా 43 వికలలను చూపినది. ఆ లెక్క కుదిరిన దినమున ఆయన గుండె దడదడ లాడెను. కొన్ని దినములు సంతోషముతో మైమరచియుండెను. నవంబరు 25వ తేదీ వ్యాసముతో సమీకరణములు పూర్తియైనవి.

నిత్యజీవితమున బంతి యేల క్రిందికి వచ్చునో ఈ సిద్ధాంతము చెప్పు తీరు ముచ్చటైనది. పిల్లవాడు ఎగురవేసిన బంతి సరిగా ఒక సెకండులో చేతికి తిరిగి వచ్చినచో, అది సుమారు 1.2 మీటరు ఎత్తునకు పోయినదన్నమాట. కంటికి ఆ దారి బాగుగ వంగినట్లు కనబడును. కాని దేశకాలమున ఒక సెకండును కాంతి ప్రయాణించు దూరముతో కొలువవలెను. అది 3 లక్షల కిలోమీటర్లు. 3 లక్షల కిలోమీటర్ల పొడవున 1.2 మీటరు ఉబ్బు! అంత తిన్ననైన గీతను ఏ వడ్రంగియు గీయలేడు. ఎత్తుగా పోయిన బంతియైనను, దూరముగా పోయిన గుండైనను, ఇట్లు గీచిన దారి వంపు ఒక్కటే. అది యొక కాంతిసంవత్సరమంత వ్యాసార్ధముగల వృత్తములోని చిన్న ముక్క.

బంతి ఆ దారినే యెన్నుకొనుటకు కారణము కాలము. స్వేచ్ఛగా పోవు వస్తువు, బయలుదేరిన క్షణమునకు చేరిన క్షణమునకు నడుమ, తన గడియారమున మిక్కిలి యెక్కువ కాలము గడచు దారిని పట్టును. పైన కాలము త్వరగా నడచును గనుక పైకి పోవుట లాభము. మితిమీరి పైకి పోయిన, ఆ సెకండులో తిరిగి వచ్చుటకు వేగము హెచ్చవలెను; వేగము హెచ్చిన గడియారము మందగించును. ఈ లాభనష్టముల నడుమ సరిగా సమతూకమైనది బంతి నడచు దారి. మనమెరిగిన గురుత్వమంతయు దాదాపుగా కాలపు వంపే. కాంతి వంటి మహావేగము గలవానికే చోటు యొక్క వంపు సరిసమానముగా తోడగును. 1911లో కాలపు వంపును మాత్రమే లెక్కించుటచేతనే ఆయనకు సగము వంపు వచ్చినది. 1915లో చోటు వంపును కూడ చేర్చగా 1.7 వికలలకు పైగా తేలినది.

1919వ సంవత్సరము ఈ నగరమునకును ఈ సిద్ధాంతమునకును నామకరణ సంవత్సరము వంటిది. యుద్ధమున పనికివచ్చిన టాటావారి ఉక్కు పట్టాలను కొనియాడుచు వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ సంవత్సరారంభమున సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టెను. మే 29వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినది. ఎడింగ్టన్ పశ్చిమాఫ్రికా తీరమందలి ప్రిన్సిపే ద్వీపమునుండి, మరొక బృందము బ్రెజిల్ దేశపు సోబ్రాల్ నుండి నక్షత్రముల ఫోటోలు తీసిరి. కొలతలు ఐన్‌స్టీన్ లెక్కకు అనుకూలించినవని నవంబరు 6వ తేదీన లండనులో ప్రకటించిరి. యుద్ధపు గాయములు మానకమునుపే జర్మనీలో పుట్టిన భావమును ఆంగ్లేయులు నిరూపించుట లోకమును విస్మయపరచినది. ఒక్క దినమున ఆయన పేరు ఇంటింటి మాటయైనది. అదే యేట మిలేవాతో వివాహము రద్దై, ఎల్సాను పెండ్లాడెను.

ఈ సిద్ధాంతము భారతదేశమునకు వచ్చిన దారియు చెప్పుకొనదగినది. ఇచటికి రైలుమార్గమున సుమారు 250 కిలోమీటర్ల దూరమందలి కలకత్తాలో సత్యేంద్రనాథ్ బోసు, మేఘనాథ్ సాహా అను ఇద్దరు యువోపాధ్యాయులు ఐన్‌స్టీన్, మింకౌస్కీల మూలవ్యాసములను జర్మనునుండి ఆంగ్లమునకు అనువదించిరి. మహలనోబిస్ పీఠిక వ్రాసెను. కలకత్తా విశ్వవిద్యాలయము 1920లో ఆ గ్రంథమును ప్రకటించినది. నాలుగేండ్లకు ఆ ఋణము తీరినది: 1924లో బోసు పంపిన వ్యాసమును ఐన్‌స్టీన్ స్వయముగా జర్మనులోనికి అనువదించి అచ్చువేయించెను.

తరువాతి జీవితము లోకవిదితము. 1921వ సంవత్సరపు నోబెల్ బహుమానము 1922లో ఆయనకు ప్రకటింపబడినది. అది సాపేక్షతకు గాక, కాంతి లోహమును తాకినప్పుడు ఎలక్ట్రానులు వెలువడు విధమును వివరించినందులకు. ముందే యిచ్చిన మాట ప్రకారము ఆ సొమ్ము మిలేవాకు చెందినది. 1930లో రవీంద్రనాథ్ టాగూరు ఆయన యింట అతిథియయ్యెను. 1933లో హిట్లరు అధికారమునకు రాగా ఆయన జర్మనీకి తిరిగి పోక అమెరికాలోని ప్రిన్‌స్టన్‌లో స్థిరపడెను. 1939లో పరమాణుశక్తినిగూర్చి అధ్యక్షుడు రూజ్‌వెల్టునకు పంపిన లేఖపై సంతకము చేసి, పిదప అందులకు వగచెను. గురుత్వమును విద్యుదయస్కాంతత్వమును ఒక్క సిద్ధాంతమున బంధింపవలెనని మూడు దశాబ్దములు పాటుపడి సఫలుడు కాలేదు. 1955 ఏప్రిల్ 18వ తేదీన మరణించెను. చివరి దినములలోను లెక్కల కాగితములు ప్రక్కనే యుండెను. మరుసటి నెలలోనే కలకత్తాకు చెందిన అమల్‌కుమార్ రాయ్‌చౌధురి వ్యాసము అమెరికా పత్రికలో వెలువడినది. పడుచున్న రాళ్లవలె, ప్రక్కప్రక్కన సాగు దారులు గురుత్వముచేత ఎట్లు దగ్గరకు చేరునో తెలుపు ఆ సమీకరణము నేటికిని ఆయన పేరనే ప్రసిద్ధము.

1907లో ఊహించిన గడియారముల భేదమును భూమిమీద నిరూపించిన ప్రయోగమును చూచుటకు మాత్రము ఐన్‌స్టీన్ బ్రతికి లేడు. దానికి సాధనమైనది ఇనుమే యగుట ఈ నగరవాసులకు ప్రీతి కలిగించు విషయము. 1960లో హార్వర్డ్ విశ్వవిద్యాలయమున పౌండ్, రెబ్కా అను శాస్త్రజ్ఞులు 22.5 మీటర్ల ఎత్తుగల గోపురమున, ఇనుము-57 అను పరమాణువుల కిరణములను పైకిని క్రిందికిని పంపి, వాని స్పందనలలో పది కోట్ల కోట్లకు రెండున్నర వంతుల భేదమును కనుగొనిరి. ఆ జాతి పరమాణువులు ఎచటి ఇనుమునందైనను నూటికి రెండు పాళ్లుండును. ఇచటి కొలిమినుండి వచ్చు ప్రతి టన్ను ఇనుములోను ఆ సున్నితమైన గడియారములు సుమారు ఇరువది కిలోలున్నవి.

2010లో అమెరికాలో ఒక అడుగు ఎత్తు భేదమునకే గడియారముల నడక మారుట కొలిచిరి. 2022 నాటికి ఒక్క మిల్లీమీటరు భేదమునకు కొలువగలిగిరి. ప్రభుత్వ క్వార్టర్లలో క్రింది యింటికంటె మూడు మీటర్లు పైనున్న మేడమీది గడియారము ఏడాదికి సెకండులో పదికోట్లవ వంతు ముందుకు పోవును. ఇరువదివేల కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు దారి చూపు ఉపగ్రహముల గడియారములు దినమునకు సెకండులో పదిలక్షల భాగములలో 38 భాగములు ముందుకు పోవును. ఆ స్వల్పకాలములో కాంతి పదకొండు కిలోమీటర్లకు మించి పోవును గనుక, సవరణ లేనిదే చేతిలోని ఫోను దారి చూపజాలదు. 2013 మొదలు శ్రీహరికోటనుండి పంపబడిన మన దేశపు మార్గదర్శక ఉపగ్రహములందును ఇట్టి సవరణ తప్పనిసరి.

పేటెంటు కార్యాలయమున ఆయన గడపిన ఏడేండ్లలో పైకి కనిపించినవి దరఖాస్తులు, పటములు, ఒక పదోన్నతి. అచట మొలచిన ఒక్క తలంపు ఫలించుటకు అటుపిమ్మట ఆరేండ్ల గణితము, ఒక మిత్రుని తోడు, పలుమారులు తన లెక్కను తానే దిద్దుకొను ఓపిక కావలసివచ్చినవి. కుర్చీ తన్ను పైకి నెట్టుచున్నదను సంగతి ప్రతి యుద్యోగియు దినమునకు ఎనిమిది గంటలు అనుభవించునదే. ఆ అనుభవమును ప్రశ్నగా మార్చి, సమాధానము దొరకువరకు విడువకుండుటయే ఐన్‌స్టీన్ చేసిన పని.